పల్లినూనె రీడింగ్ ఎక్కువొచ్చింది, కల్తీనా? నూనె వేడి తక్కువున్న ఎఫెక్టా?

మాది వనపర్తి దగ్గర చిన్న కరెంటు గానుగ. మా పల్లినూనె వక్రీభవన గుణకం (నూనెలో వెలుగు ఎంత వంగుతుందో చెప్పే అంకె) 1.4660 వచ్చింది, కల్తీ అంటూ ఒక షాపాయన డబ్బాలు తిప్పి పంపాడు. ప్రమాణం 1.4620 నుంచి 1.4640 దాకా అన్నమాట నిజమే, కానీ అది 40 డిగ్రీల దగ్గర. ఆయన చూసింది 33 డిగ్రీలకు. వేడి తగ్గితే రీడింగ్ పెరుగుతుంది కదా, ఆ 7 డిగ్రీలకు డిగ్రీకి సుమారు 0.0004 చొప్పున తీసేస్తే 1.4632 వస్తోంది. నా లెక్క కరెక్టేనా?

ఈ గుణకం కొలిచే అబ్బే రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద రెండు చుక్కలు వేస్తే చాలు, నిమిషంలో పని అయిపోతుంది. కానీ కొంచెం పామోలిన్ కలిపితే అది పట్టుకోగలదా అని నా అనుమానం. అయోడిన్ విలువ (నూనె ఎంత అయోడిన్ పీల్చుకుంటుందో చూసే పరీక్ష) అంటే విజ్ ద్రావణమనే రసాయనం కలపడం, చీకట్లో పెట్టడం, మాతో అయ్యే పని కాదు. బెల్లియర్ పరీక్ష (నూనెను రసాయనాలతో ద్రావణంగా చేసి, చల్లారేటప్పుడు ఎన్ని డిగ్రీల దగ్గర మసకబారుతుందో చూడటం) గానుగ దగ్గరే చేసినవాళ్లున్నారా? ఆ ద్రావణం మసకబారే డిగ్రీని కంటితో ఎలా పట్టుకుంటున్నారు?