రన్నింగ్‌లో ఇంజిన్ ఠక్కున ఆగిపోతోంది, పావుగంట ఆగితే మళ్ళీ స్టార్ట్ అవుతోంది, ఏం చూడాలి?

బెజవాడ డ్రైవర్:

నమస్తే అండి అందరికీ. బండి 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, లక్ష కిలోమీటర్లు దాటింది. రన్నింగ్‌లో ఉండగా ఇంజిన్ ఠక్కున ఆగిపోతోంది. ముందు జర్క్ ఉండదు, మిస్సింగ్ ఉండదు, పికప్ తగ్గడం కూడా ఉండదు, ఎవరో తాళం తిప్పేసినట్టే ఆగిపోతుంది. మీటర్ బోర్డులో లైట్లన్నీ వెలుగుతూనే ఉంటాయి, సెల్ఫ్ కొడితే గట్టిగానే తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. పక్కకి తీసి పావుగంటో ఇరవై నిమిషాలో ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయిపోతుంది.

ఊళ్ళో తిరిగితే ఏ సమస్యా లేదు. హైదరాబాద్ వెళ్తుంటే సూర్యాపేట దాటాక ఒకసారి ఆగింది, మొన్న తిరిగి వస్తుంటే నందిగామ దగ్గర లారీల మధ్యలో ఆగింది, వెనక సీట్లో మా అమ్మ, పాప ఉన్నారు, స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది, ఎలా పక్కకి తెచ్చానో నాకే తెలీదు.

షెడ్‌లో చూపిస్తే పంప్ ఆడట్లేదు అని ఫ్యూయల్ పంప్ మార్చారు. కొన్నాళ్ళు బాగుంది, మళ్ళీ అదే. ఇప్పుడు ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పోయుంటుంది పాతిక వేలు అవుతుంది అంటున్నారు. మా బంధువు ఒకాయన ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) వల్లే అంటున్నాడు. చెక్ ఇంజిన్ లైట్ అయితే వెలగట్లేదు. ఇంకో పాతిక వేలు పెట్టేముందు తెలిసినవాళ్ళు కాస్త దారి చూపించండి ప్లీజ్.

కాజీపేట షెడ్:

అన్నా, ఈసీఎం ముచ్చట ముందైతే పక్కన పెట్టండి. వేడెక్కినంక ఆగి, చల్లారినంక స్టార్ట్ అయ్యే బండికి మేము మొదట చూసేది క్రాంక్ సెన్సార్, అంటే ఇంజిన్ మెయిన్ షాఫ్ట్ తిరుగుడు చూసే సెన్సార్. ఫ్లైవీల్ దగ్గరనో, ముందు క్రాంక్ పుల్లీ దగ్గరనో బొటనవేలంత ఉంటది. లోపల పళ్ళ చక్రం తిరుగుతుంటే ఒక్కో పన్ను దాటినప్పుడల్లా ఈసీఎంకి సిగ్నల్ పోతది. పిస్టన్ ఎక్కడున్నదో ఈసీఎంకి తెలిసేది దాంతోనే, అది రాకపోతే స్పార్క్ ఇయ్యదు, ఇంజెక్టర్ తెరవదు. చాలా సెన్సార్ల లోపల సన్నటి తీగ చుట్ట ఉంటది, పాతబడినంక వేడికి సాగి ఎక్కడో కనెక్షన్ విడిపోతది, చల్లారితే మళ్ళా అంటుకుంటది. మీరు చెప్పిన పావుగంట లెక్క అదే అనిపిస్తున్నది.

ఇంకోటి ముఖ్యమైంది. పంప్ ఆడట్లేదు అని మార్చినరు అన్నరు కదా, క్రాంక్ సిగ్నల్ లేకపోతే పంప్‌కి కరెంటు ఇచ్చే రిలేని కూడా ఈసీఎం ఆపేస్తది. యాక్సిడెంట్ అయి ఇంజిన్ ఆగినప్పుడు పెట్రోల్ కారకుండా పెట్టిన ఏర్పాటు అది. అందుకని సెల్ఫ్ కొడుతున్నప్పుడు పంప్ సప్పుడు రాకపోతే పంపే పోయింది అనుకుంటరు, చాలా షెడ్లల్ల ఇట్లనే మంచి పంపులు మారిపోతయి. తాళం ఆన్ చేయంగనే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు జుయ్ మని సప్పుడు వస్తదా లేదా అన్నది వేరే సంగతి. అది వచ్చి, సెల్ఫ్ తిరిగేటప్పుడు రాకపోతే అనుమానం క్రాంక్ సెన్సార్ వైపే పోవాలె.

ఈసారి ఆగితే కంగారు పడకుండ ఒక్కటి చూడండి, ఆర్‌పీఎం ముల్లు. బండి గేర్‌ల ఉండి క్లచ్ తొక్కకముందు చక్రాలు ఇంజిన్‌ని తిప్పుతూనే ఉంటయి. అప్పుడు ముల్లు ఒక్కసారే సున్నాకి పడిపోతే క్రాంక్ సిగ్నల్ పోయినట్టు, ఎందుకంటే ముల్లు ఆడేది కూడా ఆ సిగ్నల్ మీదనే. ముల్లు పడకుండ స్పీడ్‌తో పాటు మెల్లగ దిగుతుంటే క్రాంక్ బాగున్నది, పెట్రోల్ అందకనో స్పార్క్ రాకనో ఆగింది. క్లచ్ తొక్కేసినంక చూస్తే లాభం లేదు, ఎట్లయినా సున్నానే చూపిస్తది. ఆటోమేటిక్ బండ్లకి కూడా ఈ లెక్క నడవదు. ముల్లు కోసం మళ్ళా హైవే ఎక్కకండి, వేరే పరీక్ష ఉన్నది, కింద చెప్తున్న.

ఈసీఎం లెక్కలు ఫోన్‌ల చూపించే బ్లూటూత్ స్కానర్ కొనండి, పంప్ ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. ఫోన్‌ల లైవ్ డేటా పెట్టి బండి ఆగినంక, స్టార్ట్ కానప్పుడే, సెల్ఫ్ కొట్టి ఆర్‌పీఎం చూడండి. 200 అటు ఇటు చూపియ్యాలె. సెల్ఫ్ తిరుగుతున్నా సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సారో దాని వైరో, ఇక అనుమానమే లేదు. పి0335 కోడ్ (క్రాంక్ సెన్సార్ తప్పు కోడ్) వచ్చి ఉంటే మంచిదే, రాకపోయినా సెన్సార్ బాగున్నదని కాదు, చాలా బండ్లల్ల ఇంజిన్ ఆగిందనుకుని కోడ్ రాసుకోదు.

గుంటూరు పెట్రోల్:

పైన చెప్పింది కరెక్టే, కానీ అన్నీ క్రాంక్ సెన్సారే కాదండి, లక్షణాన్ని బట్టి వేరు చేసుకోవాలి. ఆగినప్పుడు మీటర్ బోర్డు మొత్తం చీకటైపోతే అది కరెంటు సమస్య, బ్యాటరీ టెర్మినల్ లూజో, బాడీ ఎర్త్ వైరు తుప్పో, ఇగ్నిషన్ స్విచ్చో. బ్యాటరీ లైట్ వెలిగి హెడ్‌లైట్లు డల్ అవుతూ అవుతూ ఆగితే డైనమో, మల్టీమీటర్ పెడితే ఇంజిన్ ఆడుతుండగా దాదాపు 14 వోల్టులు రావాలి, 12కి పడిపోతుంటే చార్జింగ్ లేనట్టే. సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లోనే ఆగుతుంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే థ్రాటిల్ బాడీ మురికి పట్టిందేమో చూడాలి. నిజంగా పంప్ పోతుంటే ఎక్కువగా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడో ముందు లాగడం తగ్గుతుంది, ఈడ్చుకుంటూ వెళ్ళి ఆగుతుంది, అదీ ట్యాంకులో పెట్రోల్ తక్కువున్నప్పుడు ఎక్కువ, ఎందుకంటే పంప్‌ని చల్లబరిచేది ఆ పెట్రోలే.

ఈ20 గురించి. దేశమంతా ఈ20కి వెళ్ళిపోయింది కాబట్టి ఇప్పుడు ఏ రిపేరు వచ్చినా జనం దాన్నే అంటున్నారు. పాత బండ్లలో రబ్బర్ పైపులు, సీల్స్ మీద ప్రభావం ఉంటుందని నేనూ ఒప్పుకుంటా, మైలేజ్ కూడా తగ్గుతుంది. ఇథనాల్ నీళ్ళని లాక్కుంటుంది, ట్యాంకులోకి నీళ్ళు చేరితే అవి ఇథనాల్‌తో కలిసి అడుగున విడిపోతాయి, అది పంపులోకి వెళ్తే స్టార్టింగ్ ట్రబుల్, జర్కులు వస్తాయి. కానీ అలా నీళ్ళు వెళ్ళిన బండి పావుగంట నీడలో పెడితే బాగైపోదు కదా. మీ బండి పూర్తిగా బాగవుతోంది అంటే పెట్రోల్ కాదండి.

రాత్రి హైవే:

రిపేరు సంగతి వాళ్ళు చూసుకుంటారు, నేను వేరే మాట చెప్పాలి. తమ్ముడూ, అది తేలేదాకా ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుని ఆ బండి హైవే ఎక్కించకు, దండం పెడతా. ఎన్‌హెచ్ 65 మీద రాత్రి పూట ఆగిన బండ్లని వెనకనుంచి లారీలు గుద్దిన చోట్లు కళ్ళారా చూశాను.

ఎప్పుడైనా అలా ఆగితే ముందు హజార్డ్ లైట్లు. తాళం లాక్ దాకా తిప్పొద్దు, స్టీరింగ్ లాక్ పడిపోతుంది. పవర్ స్టీరింగ్ పోతుంది కాబట్టి రెండు చేతులా బలం పెట్టి తిప్పాలి, తిరుగుతుంది. బ్రేక్ మాటిమాటికీ కొట్టొద్దు, ఇంజిన్ ఆగాక బూస్టర్‌లో వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే సరిపోతుంది, తర్వాత పెడల్ గట్టిపడుతుంది. అందుకని ఒకటే తొక్కు, వదలకుండా. ఎడమకి తెచ్చాక అందరూ ఎడమ డోర్ నుంచి దిగి రెయిలింగ్ అవతలికి వెళ్ళిపోవాలి, బండిలో కూర్చోవద్దు. ట్రయాంగిల్ బోర్డు బండికి బాగా వెనక పెట్టాలి. 1033కి ఫోన్ చేస్తే నేషనల్ హైవేల మీద పెట్రోలింగ్ వాళ్ళు వస్తారు.

బెజవాడ డ్రైవర్:

అందరికీ చాలా థాంక్స్ అండి. స్కానర్ తెప్పించాను. హైవే ఎక్కడం మానేశాను, కానీ ఊళ్ళో ఆగట్లేదు కదా, మరి పరీక్ష ఎలా చేయాలి? ఇంకొకటి, సెన్సార్‌ని మల్టీమీటర్‌తో చూస్తే బాగానే ఉంది అన్నాడు ఇక్కడి మెకానిక్.

కాజీపేట షెడ్:

చల్లగున్నప్పుడు మల్టీమీటర్ పెడితే బాగనే చూపిస్తది అన్నా, రోగం వేడిల ఉన్నప్పుడు చల్లగ చూసి లాభమేంది. షెడ్ ముందు నిలబెట్టి ఏసీ ఆన్ చేసి ఆర్‌పీఎం 2500 దగ్గర పట్టుకోమనండి, ఫ్యాన్ పడి ఆగి పడుతుండాలె, టెంపరేచర్ మీద కన్ను ఉండాలె. ఎదురుగాలి ఉండదు కాబట్టి బానెట్ కింద హైవే కంటే ఎక్కువ వేడి అయితది. ఆగితే వెంటనే రెండు పనులు. స్కానర్‌ల ఆర్‌పీఎం చూసుకుంట సెల్ఫ్ కొట్టుడు, తర్వాత సెన్సార్ మీద తడిగుడ్డ పెట్టి చల్లార్చుడు. రెండు మూడు నిమిషాలల్ల స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. నీళ్ళు మాత్రం గుమ్మరించొద్దు, పక్కనే సైలెన్సర్ పైపు ఎర్రగ కాలి ఉంటది.

ఆగకపోతే ఐడ్లింగ్‌ల పెట్టి సెన్సార్ కప్లర్‌ని (వైరు తగిలించే ప్లగ్), దాని వైరుని మెల్లగ కదపమనండి. చాలాసార్లు సెన్సార్ మంచిదే ఉంటది, వైరు మీద తొడుగు వేడికి ఎండి పెళుసుబారి పగులుతది. కదిపినప్పుడు ఇంజిన్ ఒక్కసారి తడబడ్డా వైరింగ్ పట్టుకోండి.

బెజవాడ డ్రైవర్:

అన్నా దొరికింది!! మీరు చెప్పినట్టే ఏసీ వేసి పట్టుకుంటే అరగంట దాటాక ఠక్కున ఆగింది, సెల్ఫ్ తిరుగుతుంటే ఫోన్‌లో ఆర్‌పీఎం సున్నా. తడిగుడ్డ పెట్టగానే కాసేపటికి అందుకుంది. సెన్సార్ బయటికి తీస్తే మొన మీద ఇనుప రజను నల్లగా మెత్తి ఉంది, కప్లర్ క్లిప్పు చేత్తో పట్టుకుంటేనే బిస్కెట్ ముక్కలా విరిగింది, లోపల పిన్నుల దాకా ఆయిల్. కొత్త సెన్సార్, కప్లర్ కలిపి పద్దెనిమిది వందలైంది. మళ్ళీ అలాగే వేడి చేసి చూశాం, ఈసారి ఆగలేదు. పాతిక వేలు మిగిల్చారు, మీ అందరి మేలు మర్చిపోను. ఇంకేమైనా చూసుకోవాలా?

కాజీపేట షెడ్:

సంతోషం అన్నా. ఆ ఆయిల్ ఎక్కడి నుంచి వస్తున్నదో చూడమనండి, పైన వాల్వ్ కవర్ గాస్కెట్ కారుతుంటే కొత్త కప్లర్ కూడా కొన్నాళ్ళకి అట్లనే అయితది. వైరుకి వేడి తగలకుండ స్లీవ్ వేయించి సైలెన్సర్‌కి దూరంగ క్లిప్పు పెట్టించండి. కొన్ని బండ్లకి సెన్సార్ మార్చినంక స్కానర్‌తోని రీలెర్న్ (ఈసీఎంకి కొత్త సెన్సార్ అలవాటు చేసుడు) చేయాలె, చెక్ లైట్ వెలిగితే అది చేయించండి. కొన్ని రోజులు ఊళ్ళనే ఎండల తిప్పి చూసి, తర్వాత మీరొక్కరే సూర్యాపేట దాకా పోయి రండి, అమ్మనీ పాపనీ ఆ తర్వాతనే ఎక్కించండి.