అప్‌డేట్: మా ఫార్మకాలజీ పీహెచ్‌డీ ప్రోగ్రామ్‌కి కొత్త డైరెక్టర్ వచ్చారు

అమెరికాలో ఫార్మకాలజీ పీహెచ్‌డీ చేస్తున్నాను, మా ట్రైనింగ్ గ్రాంట్ (పీహెచ్‌డీ విద్యార్థుల శిక్షణకి వచ్చే నిధులు) నడిపే డైరెక్టర్ గారు వేరే యూనివర్సిటీకి వెళ్లిపోతున్నారు, ఇక ప్రోగ్రామ్ సంగతేంటని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

గ్రాంట్ ఆగలేదు. ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ఇచ్చే ఈ ట్రైనింగ్ గ్రాంట్, అంటే టీ32, యూనివర్సిటీ పేరు మీద ఉంటుంది, ప్రొఫెసర్ వెంట వెళ్లదు. డైరెక్టర్‌ని మార్చాలంటే మాత్రం ఎన్‌ఐహెచ్ ముందస్తు అనుమతి ఉండాలి. అది వచ్చింది. ఇన్నాళ్లూ కో-డైరెక్టర్‌గా ఉన్న మేడమే ఇప్పుడు పూర్తి బాధ్యత తీసుకున్నారు.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: టీ32 స్లాట్, అంటే ఆ గ్రాంట్ నుంచి స్టైపెండ్ వచ్చే సీటు, అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకే. నా స్టైపెండ్ మా గైడ్ గారి ఆర్01 అనే రీసెర్చ్ గ్రాంట్ నుంచి వస్తుంది. అయినా డైరెక్టర్ ఎవరన్నది నాకూ ముఖ్యమే. కోర్సులు, సెమినార్లు, గైడ్‌తో పడకపోతే వెళ్లి చెప్పుకునే చోటు, అన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి.

మొదటి మీటింగ్‌లోనే మేడం స్లైడ్లు ఆపేసి, "థీసిస్ కమిటీ మీటింగ్ వాయిదా పడుతున్నవాళ్లు ఎవరు?" అని అడిగారు. మా సీనియర్ అక్క చెయ్యెత్తింది. ఆ వారంలోనే ఆమెకి డేట్ ఖరారైంది.