పాత పత్రికల్లో ‘రైలు’ ఎన్ని రూపాల్లో దొరుకుతుంది?

ప్రశ్న: పాత పత్రికల స్కాన్లలో ‘రైలు’ అని వెతికితే వార్తలు చాలా తక్కువగా వస్తున్నాయి. ఇంకేమని వెతకాలి?

— ముందుగా రెయిలు, రెయిల్వే అని కొట్టి చూడండి. మన ‘ఐ’ని పలికేది ‘అయి’గా కదా, ఇంగ్లీషు మాటలో వినపడేది ‘ఎయి’. చెవికి వినపడినట్టు రాసినవారు రెయిలు అన్నారు. ఐదు, అయిదు రెండూ చెల్లినట్టే రైలు పక్కన రయిలూ ఉంది. మెయిలు మాత్రం ఇప్పటికీ మెయిలే. మైలు అంటే దూరం కొలత అప్పటికే ఉంది కాబట్టి కలవకుండా నిలిచిందని నా అనుమానం.

— పొగబండి, ఆవిరిబండి, ధూమశకటము కూడా వెతకాలి. గ్రాంథికం రాసేవారి కలానికి ధూమశకటమే ఇంపు. ‘శకటము’ అని పూర్తిగా కొట్టకండి, శకటంబు, శకటమందు జారిపోతాయి. ‘ధూమశకట’ దగ్గర ఆపండి.

— రైలు విషయంలోనూ అంతే. ఉత్వసంధి జరిగితే రైలెక్కి, రైలాగి అవుతుంది, చివరి ‘లు’ కనపడదు. ‘రైల’ అని కొడితే చాలా ఉపకరణాల్లో ఇవన్నీ వస్తాయి. బహువచనం మాత్రం వేరే: రైళ్లు, రైళ్ళు రెండూ విడివిడిగా వెతకాలి, ళ కింద ల వత్తు ఒకచోట, ళ వత్తు ఇంకోచోట.

— అసలు చిక్కు ముద్రణలో ఉంది. ఐత్వానికి రెండు ముక్కలు: పైన ఎత్వం, కింద చిన్న కొక్కెం. సిరా అంటక కింది ముక్క పోతే స్కాన్‌ని అక్షరాలుగా మార్చే యంత్రం దాన్ని ‘రెలు’ అని చదువుతుంది. అందుకని ‘రెలు’, ‘రెల్వే’ కూడా వెతకండి. అర్థంలేని మాటలే, అయినా అసలు వార్త వాటి వెనకే ఉండొచ్చు. పైగా కంప్యూటర్లో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వం, ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. కంటికి తేడా లేదు, వెతికే యంత్రం సరిచూసుకోకపోతే రెండూ వేరువేరు మాటలే.

— ఇరుకు కాలమ్‌లో ‘రై’ ఒక వరుస చివర, ‘లు’ కింది వరుస మొదట పడితే మామూలు వెతుకులాటకు అందకపోవచ్చు. తేదీ తెలిస్తే ఆ పుట తెరిచి కళ్లతో చదవడమే.

— రూపాన్ని బట్టి కాలం మాత్రం కట్టకండి. ఒకే సంచికలో సంపాదకీయం ఒక చేతిది, తంతివార్త ఇంకో చేతిది, ప్రకటన మూడో చేతిది.