ఇంట్లో తెలుగు, బడిలో స్పానిష్, ఇంగ్లీషు: ఐదేళ్ల పిల్లకు భారమవుతుందా?

ప్రశ్న (మిర్యాలగూడ): టెక్సస్‌లో ఉంటున్న మా అమ్మాయి తన ఐదేళ్ల కూతురిని స్పానిష్, ఇంగ్లీషు రెండింటిలోనూ పాఠాలు చెప్పే బడిలో చేర్పించాలనుకుంటున్నది. ఫోన్లో "అమ్మమ్మా, జొన్నరొట్టె చేసినవా?" అని అడిగే ఆ పిల్ల తెలుగు మరిచిపోతుందేమోనని నాకు దిగులుగా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (దేవరకొండ, ఉపాధ్యాయుడు): అమ్మా, ఈ పద్ధతి కొత్తది కాదు. క్యూబా నుంచి శరణార్థులు పెద్ద సంఖ్యలో వచ్చిన రోజుల్లో, 1963లో, మయామీలోని కోరల్ వే బడిలో ఇటువంటి బోధన మొదలైంది. రెండు భాషలకూ చెరి సగం సమయమిచ్చే 50:50 పద్ధతి ఒకటి. మొదట 90 శాతం స్పానిష్‌లో చెప్పి, ఏటేటా ఇంగ్లీషు పెంచుతూ పోయే 90:10 పద్ధతి మరొకటి. లెక్కలు, సైన్సు వంటివి కూడా స్పానిష్‌లోనే నేర్పుతారు కాబట్టి, తొలి ఏళ్లలో ఇంగ్లీషు చదవడంలో పిల్ల కొంత వెనుకబడినట్టు కనిపించవచ్చు. దానికి కంగారుపడి మధ్యలో మాన్పించడమే అసలు నష్టమని నా అభిప్రాయం.

జవాబు (మహబూబ్‌నగర్): మన సర్కారు బడుల్లో 2022 నుంచి వచ్చిన, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకాల వంటిది కాదది. అక్కడ టీచరు స్పానిష్ సమయంలో స్పానిష్‌లోనే మాట్లాడతారు. తెలుగు మాత్రం ఇంటివాళ్లే నిలపాలి. ఆ రొట్టె ముచ్చట రోజూ సాగనివ్వండి.

ప్రశ్న అడిగినవారు: మనసు కుదుటపడింది. ఆ బడిది 90:10 పద్ధతో, 50:50 పద్ధతో రేపు అమ్మాయిని అడుగుతాను.