కువైట్ నుంచి అన్నయ్య వస్తున్నాడు. పెట్టె తెరిచి అమ్మకి ముఖం చూపించవచ్చా?

రాజోలు తమ్ముడు:

పెద్దలందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర లంక ఊరు. మా అన్నయ్య కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా చేసేవాడు. రోడ్డు ప్రమాదంలో పోయి ఈరోజుకి 12 రోజులు. కాగితాలన్నీ అయ్యేసరికి ఇంత ఆలస్యమైంది. ఎల్లుండి రాత్రి శంషాబాద్‌లో విమానం దిగుతుంది. అక్కడి నుంచి అంబులెన్స్‌లో పాలకొల్లు, చించినాడ వంతెన మీదుగా తెల్లారేసరికి ఇంటికి చేరతాం.

అక్కడ పోస్ట్‌మార్టం చేశారు, తర్వాత ఎంబామింగ్ (శరీరం పాడవకుండా మందు ఎక్కించడం) కూడా అయిందని అన్నయ్య రూమ్మేట్ చెప్పాడు. ముఖం ఎలా ఉందని అడిగితే "కుడి పక్క దెబ్బ ఉంది రా" అని ఇంకేం మాట్లాడలేదు. పెట్టె తెరవొద్దు, మందు వాసన మంచిది కాదు, నేరుగా రేవుకి తీసుకెళ్లిపోదాం అని బాబాయిలు అంటున్నారు. అమ్మది ఒకటే మాట. "ముఖం చూపించకపోతే వాడు పోయాడని నేను నమ్మను." మూడేళ్ళ క్రితం సంక్రాంతికి వచ్చి వెళ్ళాడు. అమ్మ వాణ్ణి చూడడం అదే ఆఖరు.

తెరవొచ్చా? స్నానం చేయించవచ్చా? ఇంట్లో ఎంతసేపు ఉంచవచ్చు? ఎవరిని అడగాలో కూడా తెలియడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

వశిష్ఠ ఒడ్డు:

తెరవొద్దు తమ్ముడూ. మా పెదనాన్న కొడుకు దోహా నుంచి వచ్చినప్పుడు వాకిట్లో అందరం ఒక్కసారి చుట్టూ మూగి మూత తీశాం. కళ్ళు మండిపోయాయి, పిల్లలు ఒకటే దగ్గు. ముఖం నల్లబడి, పెదాలు ముడుచుకుపోయి ఉన్నాయి. "వీడు మావాడు కాదు" అంది పెద్దమ్మ. ఇప్పటికీ వాడి పేరెత్తితే ఆవిడకి ఆ ముఖమే కనిపిస్తుందట. మీ అమ్మగారికి ఆ బాధ ఇంకొకటి ఎందుకు?

అనాటమీ తాత:

బాబూ, నేను కాకినాడలో మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో 31 ఏళ్ళు టెక్నీషియన్‌గా చేశాను. శరీరాలకి మందు ఎక్కించడమే నా పని. రిటైరయ్యాక కూడా, కొడుకో కూతురో దూరదేశం నుంచి వచ్చేదాకా ఆపాలంటే కోనసీమ నుంచి ఫోన్ చేసేవారు. వెళ్ళేవాణ్ణి.

పెట్టె తెరవొచ్చు. మీ అమ్మగారికి చూపించు. కానీ ముందు నువ్వు చూడాలి, ఆవిడ తర్వాత చూడాలి. వశిష్ఠ ఒడ్డు గారి ఇంట్లో మూత తీయడం వల్ల కాదు, ఎవరూ ముందుగా చూసి సర్దకుండా అందరూ ఒకేసారి చూడడం వల్ల అలా జరిగింది. ఆ పెద్దమ్మగారికి ముందే నాలుగు మాటలు చెప్పేవాళ్ళు ఒక్కరుంటే బాగుండేది.

ఏం కనబడుతుందో చెప్తాను, భయపడకుండా చదువు. ఎంబామింగ్ అంటే మెడ దగ్గరో తొడ దగ్గరో గాటు పెట్టి, పెద్ద ధమనిలోకి గొట్టం దూర్చి మందు పంపిస్తారు. పక్కనున్న సిరలోంచి రక్తం బయటికి వచ్చేస్తుంది. ఆ మందులో ముఖ్యమైనది ఫార్మలిన్, అంటే 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉన్న నీళ్ళు. దాన్ని బాగా పలచన చేసి, గ్లిజరిన్, స్పిరిట్ లాంటివి కలిపి వాడతారు. అది కండలోని ప్రొటీన్లని ఒకదానితో ఒకటి ముడివేసి బిగించేస్తుంది. ఉడికిన కోడిగుడ్డు తెల్లసొన మళ్ళీ జారుగా అవుతుందా? అలాగే ఇదీను. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి, మిగిలినవాటికి ఆ కండ తిండికి పనికిరాదు. అందుకే ఒళ్ళు చెక్కలా ఉంటుంది. మీ అమ్మగారు చేయి పట్టుకుని వేళ్ళు విప్పబోతారు, అవి కదలవు. ముందే చెప్పు ఆవిడకి.

పోస్ట్‌మార్టం అయిన శరీరం కష్టం. లోపల రక్తనాళాలు తెగిపోయి ఉంటాయి కాబట్టి ఒక్కచోట ఎక్కిస్తే ఒళ్ళంతా పాకదు. మెడకి రెండు పక్కలా, రెండు చంకల్లో, రెండు తొడల దగ్గర, మొత్తం ఆరుచోట్ల విడివిడిగా ఎక్కించాలి. లోపలి అవయవాలకి వేరే మందు పట్టించి, వెనక్కి పెట్టి కుడతారు. దెబ్బ తగిలిన చోట మందు కారిపోనైనా పోతుంది, అక్కడే చేరి ఉబ్బనైనా ఉబ్బుతుంది. మీ అన్నయ్య కుడి బుగ్గ వాచి ఉండొచ్చు.

ఇక రంగు. పెదాలు, ముక్కు కొస, వేళ్ళ చివరలు అన్నిటికంటే ముందు ఎండి నల్లబడతాయి. ఎవరో సరిగ్గా చేయలేదని అనుకోకు. మా ప్రొఫెసర్ గారు క్లాసులో ఒక సంగతి చెప్పేవారు. 1865లో అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌ని కాల్చి చంపాక ఎంబామింగ్ చేసి, వాషింగ్టన్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కి రైల్లో ఊరూరా చూపిస్తూ తీసుకెళ్ళారు. అప్పటికింకా ఫార్మలిన్ వాడుకలోకి రాలేదు. రెండు వారాలు తిరిగేసరికి ఆయన ముఖం నల్లబడిపోయింది, దారి పొడుగునా పౌడరు అద్దాల్సి వచ్చింది. అంత పెద్ద మనిషికే తప్పలేదు. కామెర్లతో పోయినవాళ్ళకైతే మామూలు ఫార్మలిన్ ఎక్కిస్తే పసుపు కాస్తా ఆకుపచ్చకి తిరుగుతుంది. పిత్తంలోని బిలిరూబిన్ అలా మారిపోతుంది. తెలియనివాళ్ళు విషం పెట్టారని గొడవలు పడ్డారు, నేను చూశాను.

ముఖం బాగుచేయడం అనేది వేరే విద్య. ఒకసారి అంబాజీపేట దగ్గర కొబ్బరి దింపు తీసే అతను చెట్టు మీద నుంచి పడి పోయాడు. నుదురు మీద వెడల్పుగా దెబ్బ. కూతురు బహ్రెయిన్ నుంచి రావాలి. చర్మం అడుగునుంచి సన్న దారంతో కుట్టి, పల్లం ఉన్నచోట దూది సర్ది, పైన మైనం పూశాను. మైనం నున్నగా మెరుస్తుంది బాబూ, మనిషి చర్మం మెరవదు. అందుకని పాత బ్రష్ కుచ్చుతో చుక్కలు చుక్కలుగా అద్దాను, చర్మపు రంధ్రాల్లా రావడానికి. ఆ తర్వాత ఎరుపు, పసుపు, గోధుమ రంగు పొడులు కలిపి, అతని చెవి వెనకాల రంగుతో పోల్చుకుంటూ రాశాను. ఎండ తగలని చోటు కదా అది, మనిషి అసలు రంగు అక్కడ దొరుకుతుంది. ఎండలో తిరిగే మనిషి కాబట్టి నుదుటికి దానికంటే ఒక పాలు ముదురు. ఆ అమ్మాయి వచ్చి నాన్న నుదుటి మీద చేయి వేసింది. మే నెల ఎండకి మైనం ఎక్కడ మెత్తబడుతుందోనని నేను పక్కనే నిలబడ్డాను.

నువ్వు మైనం జోలికి పోకు. నేనిప్పుడు బెంగళూరులో కొడుకు దగ్గర ఉన్నాను, రాలేను. నువ్వు చేయగలిగినవి చెప్తాను.

పెట్టెని ఇంట్లో కాదు, పందిట్లో, గాలి ఆడే చోట పెట్టించు. లోపల జింకు రేకు టంకం వేసి ఉండొచ్చు, కాబట్టి రేకు కత్తిరించే మనిషిని పిలిచి ఉంచు. నువ్వు, గుండె నిబ్బరం ఉన్న ఇంకొకరు గాలి మీ వీపుకి తగిలేలా నిలబడి తెరవండి. తెరిచి దూరంగా జరిగి 20 నిమిషాలు ఆగండి. ఫార్మలిన్ ఆవిరి కళ్ళకీ గొంతుకీ మంట. గుడ్డ మాస్క్ దాన్ని ఆపదు. రోజూ దానిలోనే పనిచేసేవాళ్ళకి క్యాన్సర్ ముప్పు కూడా ఉంది, చర్మానికీ మంట, అందుకే మేం చేతులకి గ్లౌజులు లేకుండా ముట్టుకునేవాళ్ళం కాదు. కాసేపు చూసివెళ్ళేవాళ్ళకి అంత భయం అక్కర్లేదు కానీ చంటిపిల్లల్ని, గర్భిణుల్ని, ఉబ్బసం ఉన్నవాళ్ళని దగ్గరికి రానివ్వకు.

నీళ్ళు పోసి స్నానం వద్దు. కుట్లు తడిస్తే కారతాయి. తడిగుడ్డతో పాదాలు, చేతులు తుడవండి, పసుపు నీళ్ళు చిలకరించండి, చాలు. పెదాలకి కొంచెం వాజలీన్ రాయి. తల దువ్వు, పాపిడి ఎటు తీసేవాడో నీకే తెలుసు. మెడ బిగుసుకుపోయి ఉంటుంది, తిప్పడానికి చూడకు. పెట్టెనే కుడివైపు గోడకి ఆనేలా పెట్టించి, మీ అమ్మగారిని ఎడమవైపు కూర్చోబెట్టు. కుడి బుగ్గ మీదికి తువ్వాలు సర్దు. ముఖం అస్సలు చూపించే స్థితిలో లేకపోతే చేయి చూపించు. కన్నతల్లి చేతిని గుర్తుపడుతుంది.

పూటలో అయిపోయేటట్టు చూసుకోండి. దహనం చేయవచ్చు, మామూలు కంటే కాస్త ఆలస్యంగా కాలుతుంది. కానీ జింకు రేకు, ప్లాస్టిక్ కవరు తీసేసి, మనిషిని మాత్రమే చితి మీద పెట్టండి.

పాలకొల్లు అక్క:

తాతగారు చెప్పినట్టే చెయ్యి తమ్ముడూ. మా ఆయన మస్కట్ నుంచి వచ్చినప్పుడు చర్చిలో పెట్టె తెరవనివ్వలేదు. ఏడేళ్ళయింది, ఇప్పటికీ తలుపు చప్పుడైతే లేచి కూర్చుంటాను.

కాగితాల సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా. ఎంబామింగ్ సర్టిఫికెట్, అక్కడి మరణ ధ్రువీకరణ, ఎంబసీ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), రద్దు చేసిన పాస్‌పోర్టు అన్నీ పెట్టెతో పాటు వస్తాయి. నాలుగేసి జిరాక్సులు తీయించు. అన్నయ్య ఈసీఆర్ పాస్‌పోర్టు (గల్ఫ్ పనికి ముందుగా ప్రభుత్వ అనుమతి కావాల్సినది) మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ఆ అనుమతితో వెళ్ళి ఉంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉంటుంది, ప్రమాద మరణానికి 10 లక్షలు. గడువు ఉందో లేదో చూడు. ఏపీఎన్ఆర్‌టీ (ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీ ప్రభుత్వ సంస్థ) వాళ్ళు ఎయిర్‌పోర్టు నుంచి ఇంటిదాకా ఉచితంగా అంబులెన్స్ ఇస్తారు, రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యి.

రాజోలు తమ్ముడు:

తాతగారూ, ఒకటి అడగడం మర్చిపోయాను. దింపుడు కళ్ళం దగ్గర చెవిలో పేరు పిలవాలి కదా. అప్పుడు ముఖం దగ్గరికి వంగొచ్చా?

అనాటమీ తాత:

వంగొచ్చు నాన్నా. ఆరుబయట కదా, గాలి ఉంటుంది. ఊపిరి బిగబట్టి వంగు, పిలిచాక లేచి పక్కకి జరిగి ఊపిరి తీసుకో. మూడుసార్లూ అలాగే. ఎడమ చెవిలో పిలువు.

వశిష్ఠ ఒడ్డు:

తాతగారూ, ఈ మాటలు అప్పుడు మాకు తెలిసి ఉంటే బాగుండేది. తమ్ముడూ, రేకు కత్తిరించేవాళ్ళు దొరక్కపోతే చెప్పు. మాది దిండి, బండి మీద తీసుకొస్తాను.

రాజోలు తమ్ముడు:

అందరికీ దండాలు. నిన్న ఉదయం 11 గంటలకి అయిపోయింది. దిండి అన్నయ్య నిజంగానే మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. రేకు విప్పి 20 నిమిషాలు కొబ్బరి చెట్ల కింద కూర్చున్నాం. ఆ 20 నిమిషాలు చాలా పెద్దవి.

కుడి పక్క తాతగారు చెప్పినట్టే వాచి ఉంది, కన్ను మూసుకుపోయింది. ఎడమ పక్క అన్నయ్యే. జుట్టు మాత్రం వెనక్కి దువ్వేశారు అక్కడ. వాడు ఎప్పుడూ అలా దువ్వలేదు. కొబ్బరినూనె రాసి ఎడమ పాపిడి తీశాను. మీసం మీద తెల్లగా ఏదో పొడి ఉంటే తడిగుడ్డతో తుడిచాను. అప్పుడు అమ్మని పిలిచాను.

అమ్మ ముఖం చూసి ఏమీ అనలేదు. ఎడమ చేయి తీసుకుని బొటనవేలు తిప్పి చూసింది. చిన్నప్పుడు కత్తిపీట తెగిన మచ్చ ఉంది అక్కడ. దాని మీద వేలితో రాస్తూ "వచ్చావా నాన్నా" అంది. అప్పుడు ఏడ్చింది, ఈ 15 రోజుల్లో మొదటిసారి.

దింపుడు కళ్ళం దగ్గర బాబాయి పిలుస్తానన్నారు. నేనే పిలిచాను, ఎడమ చెవిలో.

పాలకొల్లు అక్కా, పాలసీ కాగితం దొరికింది, గడువు ఇంకా నాలుగు నెలలు ఉంది. పదో రోజు అయ్యాక అప్లికేషన్ పెడతాను. ఏమైనా తెలియకపోతే ఇక్కడే అడుగుతాను.