జాలమార్గైః? యత్ర జాలైః?

(జవాబిచ్చినవారి మారుపేర్లు: గురులఘువు, సున్నంగచ్చు, అర్ధానుస్వారం)

అడిగినవారు: బ్రిటిష్ వాస్తుశిల్పులు మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ జంట కట్టడాల మీద రాస్తుంటే కాళిదాసు మేఘదూతంలోని పాదమొకటి బుర్ర తొలిచేస్తోంది. "శంకాస్పృష్టా ఇవ జలముచస్త్వాదృశా..." (శంక పట్టినట్టు నీలాంటి మబ్బులు...) తర్వాత "జాలమార్గైః"యా (కిటికీ చిల్లుల దారుల్లోంచి), "యత్ర జాలైః"యా (ఎక్కడ చిల్లుల్లోంచి)? నైజీరియాలోని ఇబాదాన్ విశ్వవిద్యాలయంలో వాళ్లు పెట్టిన చిల్లుల కాంక్రీటు పలకలకు తెలుగు మాట కావాలి. జాలీ అందామంటే, దీర్ఘం జారితే "జాలి" అయి కూర్చుంటుంది.

గురులఘువు: ఆ శ్లోకపు ఛందస్సు మందాక్రాంతలో రెండూ ఇముడుతాయి, గణాలతో తేలదు. అయితే మొదటి పాదంలో "యద్విమానాగ్రభూమీః" (ఏ ఊరి మేడల పైఅంతస్తులకు) ఉంది. "ఏ" అనే యత్ శబ్దం వచ్చాక మళ్లీ "యత్ర" దేనికి? శ్లోకంలో మబ్బు మేడలోకి దూరి, బొమ్మలు తడిపి, పొగ వేషంలో జారుకుంటోంది. "మార్గం" ఉంటేనే ఆ దొంగతనం రక్తి కడుతుంది.

సున్నంగచ్చు: కాళిదాసు చెప్పింది జాలీకున్న మొదటి జబ్బే. ఈదురుగాలికి జల్లు లోపలికొస్తుంది. ఎండ లెక్క వేరు. 9 అంగుళాల మందపు గోడలో చిల్లు ఎత్తు 4.5 అంగుళాలైతే, ఎదుటి సూర్యుడు 27 డిగ్రీలు దాటాక కిరణం చిల్లులోనే ఆగిపోతుంది. తూర్పు పడమటి వాలు ఎండ మాత్రం నేరుగా దూరుతుంది. అందుకే ఆ జంట పద్ధతిలో పొడుగు ముఖాలు ఉత్తర దక్షిణాలకు, లోతు ఒక్క గదికే. గాలి ఇటు నుంచి అటు పోవాలి. దోమల జల్లెడ బిగించారా, ఆ గాలి సగం చచ్చినట్టే.

అర్ధానుస్వారం: జాలకం అనండి, తత్సమమైనా మనదే. అయినా 1951లో వాళ్లు మూడేళ్ల ఒప్పందం మీద చండీగఢ్ వచ్చారు, అక్కడి ఇళ్లలో ఇటుక జాలీలే. మేస్త్రీ నోట జాలీయే. ఇక "జాలాంతరగతే భానౌ" (ఎండ జాలంలోంచి పడినప్పుడు) అని మనువు త్రసరేణువును, అంటే ఆ ఎండలో కనబడే ధూళికణాన్ని, చూపింది కూడా ఈ చిల్లులోంచే! హర్మటాన్ అనే పడమటి ఆఫ్రికా పొడిగాలికి సహారా దుమ్ము ఇబాదాన్‌ దాకా వస్తుంది, దాన్ని ఏ జాలకమూ ఆపదు.

గురులఘువు: మనువు దాకా దేనికి, మేఘదూతం మొదటి భాగం పూర్వమేఘంలోనే "జాలోద్గీర్ణైః" (జాలాల్లోంచి వెలువడిన) ఉంది. ఉజ్జయిని స్త్రీల కురుల ధూపం బయటికి పోయే దారి. ఒక్క మాటతో ఒకచోట పొగను, ఒకచోట పొగలాంటి మబ్బును వెళ్లగొట్టాడు మహానుభావుడు.

అడిగినవారు: మరి వ్యాసంలో ఏం రాయను? "తెర" అనొచ్చా?

సున్నంగచ్చు: తెర ఊగుతుంది. ఇది బరువు మోయకపోయినా గోడే.

అర్ధానుస్వారం: పాదంలో "త్వాదృశా" కాదు, "త్వాదృశో" అని విన్నట్టు గుర్తు.

గురులఘువు: శ్లోకం చివరి "నిష్పతంతి" (బయటపడతాయి) బహువచనమండీ. అయినా "త్వాదృశ్" అనే హలంత రూపానికి బహువచనం "త్వాదృశః" కాబట్టి ఓత్వమూ పొసగుతుంది.