నెహెమ్యా మూడో అధ్యాయంలో ‘అతని ఆనుకొని’ – చర్చ

ప్రశ్న:
నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయంలో ‘అతని ఆనుకొని’, ‘వారిని ఆనుకొని’ అన్న మాట అడుగడుగునా తగులుతోంది. గోడకు ఆనుకొని కూర్చుంటాం, పొలం చెరువును ఆనుకొని ఉంటుంది, అంతవరకు తెలుసు. మనిషిని ఆనుకొని మరో మనిషి గోడ కట్టడం ఏమిటి? పాత అనువాదంలోని వాడుకేనా, దాని వెనుక ఇంకేమైనా ఉందా? వచ్చే వారం మా సంఘంలో ‘కలిసి పనిచేయడం’ గురించి నన్ను మాట్లాడమన్నారు. అందరూ నిర్గమకాండంలో మోషేకు ఆయన మామ యిత్రో ఇచ్చిన సలహానే ఎత్తుకుంటారు కదా అని నేను ఇది పట్టుకున్నాను. తెలిసినవారు దయచేసి చెప్పండి.

తెలుగు మాస్టారు:
మీరు చెప్పిన చెరువు పక్క పొలం అర్థమే అమ్మా. ఒకరి వీపుకు ఒకరు ఆనుకోవడం కాదు, ఒకరి వాటా ఎక్కడ ముగిసిందో అక్కడే పక్కవాడి వాటా మొదలైందని. హెబ్రీలో ‘అల్ యాదో’ అని ఉంటుంది, అంటే ‘అతని చేతి పక్కన’. పదహారో వచనం నుంచి హెబ్రీ పాఠం ‘అతని తరువాత’ అన్న మాటకు మారుతుంది. మాట సంగతి ఇంతటితో సరి. ఆ మాట చుట్టూ ఉన్న పని సంగతి చూడండి, మీ ప్రసంగానికి కావలసిన సరుకు అక్కడుంది.

క్రీ.పూ. 586లో బబులోనువారు యెరూషలేము గోడలు పడగొట్టారు. పారసీక రాజు అర్తహషస్త ఏలుబడి ఇరవయ్యో ఏట, అంటే క్రీ.పూ. 445లో, షూషను కోటలో రాజుకు ద్రాక్షారసం అందించే నెహెమ్యా సెలవు పుచ్చుకొని వచ్చాడు. వచ్చి మూడు రోజులు ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. రాత్రిపూట కొద్దిమందిని వెంటబెట్టుకొని, ఒక్క జంతువు మీద, గోడ చుట్టూ తిరిగి చూశాడు. ఒకచోట రాళ్లు పడి ఉండి జంతువు నడవడానికి దారే లేకపోయింది. అధికారులను పిలిచి ‘కట్టుదాం రండి’ అన్నది ఆ తరువాతే. మన దగ్గర ఈ వరస తలకిందులు. ముందు సభ, తరువాత కమిటీ, స్థలం చూడడం చిట్టచివర.

మూడో అధ్యాయం అచ్చంగా పని పట్టీ. గొఱ్ఱెల గుమ్మం దగ్గర మొదలై ఊరంతా చుట్టి మళ్లీ గొఱ్ఱెల గుమ్మం దగ్గరే ముగుస్తుంది. మొదటి పేరు ప్రధానయాజకుడు ఎల్యాషీబుది. అంత పెద్దాయన లేచి రాళ్లు పేర్చాడు. తరువాత యెరికో ఊరివాళ్లు, కంసాలులు, సుగంధద్రవ్యాలు తయారుచేసేవాళ్లు, వర్తకులు. యెరూషలేము సగభాగానికి అధిపతి అయిన షల్లూము, ఆయనతో ఆయన కూతుళ్లు (12వ వచనం). పెంట గుమ్మాన్ని బాగుచేసింది బేత్హక్కెరెము ప్రదేశపు అధిపతి మల్కీయా. ఊరి చెత్త బయటికి పోయే గుమ్మం అధిపతి వంతుకు వచ్చింది, ఆయన ముక్కు మూసుకున్నట్టు ఎక్కడా రాయలేదు. వాటాలన్నీ సమానం కూడా కాదు. హనూను, జానోహ కాపురస్థులు లోయ గుమ్మంతో పాటు వెయ్యి మూరల గోడ కట్టారు. అంటే దాదాపు 450 మీటర్లు. ఇంకొకాయన తన గది ఎదురుగా ఉన్నంత మేర కట్టాడు. రెండూ ఒకే పట్టీలో, ఒకే వరసలో ఉన్నాయి.

‘ఎవరి ఇంటి ఎదుట వారు’ అన్నది ఈ అధ్యాయానికి ఆయువుపట్టు. 10, 23, 28, 29, 30 వచనాలు చూడండి. తన పడకగదికి ఎదురుగా ఉన్న గోడను ఎవడూ మట్టితో మెత్తి వదిలేయడు. దానికి వేరే తనిఖీదారు అక్కర్లేదు, రేపు శత్రువు వస్తే మొదట దూరేది తన ఇంట్లోకే. అయితే ఇళ్లు లేని చోట్ల గోడ ఎవరు కట్టాలి? అక్కడ యెరికో, తెకోవ, గిబియోను, మిస్పా వంటి బయటి ఊళ్లవాళ్లు నిలబడ్డారు. స్వార్థం పనికొచ్చేచోట స్వార్థాన్ని వాడుకున్నాడు, అది లేనిచోటికి మనసున్నవాళ్లను తెచ్చుకున్నాడు. నెహెమ్యా తెలివి నాకు ఇక్కడ కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఇంత పొడుగు పట్టీలో ఆయన పేరు లేదు. 16వ వచనంలోని నెహెమ్యా అజ్బూకు కుమారుడు, వేరే మనిషి. మన గ్రంథకర్త హకల్యా కుమారుడు.

తాపీమేస్త్రి కొడుకు:
మాస్టారూ, పని చేసేవాళ్ల వైపు నుంచి ఒక మాట. గోడ పనిలో తగాదా ఎప్పుడూ రెండు జట్లు కలిసే చోటే. నాన్నగారు రెండు ముఠాలతో ప్రహరీ కట్టిస్తే, మధ్యలో కలిసే చోట ఆయనే నిలబడేవారు. ఒక ముఠా గబగబా పైకి లేపుకుపోయి చివరను నిట్టనిలువుగా వదిలేస్తే, రెండో ముఠా వచ్చి అతికించినచోట ఏడాది తిరక్కుండా నిలువునా బీట పడుతుంది. అందుకే చివరను మెట్లు మెట్లుగా వదలాలి, లేదా రెండు వైపులా వరసకు వరస కలుపుకుంటూ లేపాలి. వరస మట్టం పక్కవాడితో కలవకపోతే ఎంత మంచి పనివాడైనా దండగే.

నాలుగో అధ్యాయం ఆరో వచనం ఆ కళ్లతో చదివితే భలేగా ఉంటుంది. ‘అది సగము ఎత్తు కట్టబడి యుండెను’ అని మన తెలుగులో. ఆంగ్ల అనువాదాలు కొన్నింటిలో గోడ అంతా సగం ఎత్తుకు ‘కలిసింది’ అని ఉంది. హెబ్రీలో ఏముంది?

తెలుగు మాస్టారు:
‘కలిసింది’ అన్నదే అక్కడి క్రియ. కట్టు, ముడి వేయు అన్న ధాతువు. అంటే ఒకడు పూర్తి ఎత్తు కట్టేసి చేతులు దులుపుకోవడం, పక్కవాడిది పునాది దగ్గరే ఆగిపోవడం కాకుండా, ఊరు చుట్టూ గోడ ఒక్కసారిగా సగానికి లేచి కలిసిందన్నమాట. మీరు చెప్పాక ఆ వచనం నాకు ఇంకా బాగా కనిపిస్తోంది. రక్షణ దృష్టితో చూసినా అదే సరి. ఒక్క సందు ఉన్నా మిగతా గోడ ఉండీ లేనట్టే.

యిత్రో పక్షం:
మీరంతా యిత్రోను మరీ తీసిపారేస్తున్నారు. ‘నీవును నీతో నున్న యీ ప్రజలును నిశ్చయముగా నలిగిపోవుదురు’ (నిర్గమ 18:18) అన్న వాక్యం కన్నా సూటిగా చెప్పినవాళ్లు ఎవరున్నారు? ఉదయం మొదలుకొని సాయంకాలం దాకా జనం మోషే ముందు నిలబడి ఉన్నారు. నలిగేది నాయకుడొక్కడే అని మనం అనుకుంటాం. వరసలో నిలబడినవాళ్లు కూడా నలిగిపోతారని ఆ మామగారు గుర్తించాడు. వెయ్యిమందికి, నూరుమందికి, ఏభైమందికి, పదిమందికి ఒక్కొక్కరిని పెట్టమన్నాడు. పెద్ద వ్యాజ్యాలు మాత్రమే నీ దగ్గరికి రావాలి, చిన్నవి వాళ్లే తీర్చాలి అన్నాడు. అదీ నిర్మాణమంటే.

తెలుగు మాస్టారు:
తీసిపారేయలేదండి. రెండూ వేర్వేరు పనులు. మోషే దగ్గరికి వచ్చేవి తగవులు. ఎన్ని వస్తాయో, ఎప్పుడు వస్తాయో తెలియదు. దానికి వడపోత కావాలి, కాబట్టి మెట్లు. గోడ అలా కాదు, పొడవు ముందే తెలుసు, పంచితే అయిపోతుంది. దానికి పక్కపక్క వాటాలు చాలు. తగవుల పద్ధతి తెచ్చి గోడ పనికి పెడితే, రాయి ఎత్తేవాడు ఒకడు, ఎత్తించేవాళ్లు నలుగురు అవుతారు.

ఈ మాట వేళాకోళానికి అన్నది కాదు. తల్ముదు (యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం) పండితులు యిత్రో లెక్కను నిజంగానే వేసి చూశారు. ఆరు లక్షల మందికి, వెయ్యిమందికొక పెద్ద చొప్పున 600 మంది, నూరుమందికొకరు చొప్పున 6,000 మంది, ఏభైమందికొకరు చొప్పున 12,000 మంది, పదిమందికొకరు చొప్పున 60,000 మంది. మొత్తం 78,600. ఎనిమిదిమందిలో ఒకరు అధికారి! సచివాలయాలు కూడా సిగ్గుపడాలి.

యిత్రో పక్షం:
లెక్క ఒప్పుకున్నాను, మామగారిని మాత్రం వదలను. ఆయన సంఖ్య కన్నా ముందు గుణం చెప్పాడు. సామర్థ్యం, దైవభక్తి, సత్యాసక్తి, లంచగొండితనం లేకపోవడం. ద్వితీయోపదేశకాండం మొదటి అధ్యాయంలో మోషే ఇదే కథ మళ్లీ చెప్పినప్పుడు, ఆ మనుషులను మీరే ఏర్పరచుకోండని ప్రజలకే వదిలాడు. అది మీ నెహెమ్యా పట్టీలో లేదు.

ఒంగోలు సభ్యురాలు:
యిత్రో పద్ధతి మా వైపు నిజంగా నడిచింది. 1876–78 కరువు కాలంలో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరకాలని. కూలీల మీద అజమాయిషీకి తన బోధకులనే పెట్టాడు. వాళ్లలో చాలామంది ఆ కూలీల కులం నుంచి, ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. పారపట్టినవాడి కడుపు సంగతి తెలిసినవాడే పైన ఉన్నాడు. పదిమందికి ఒక పెద్ద అన్నప్పుడు ఆ పెద్ద ఎవరన్నదే అసలు ప్రశ్న కదా.

సందేహి:
అందరూ బాగానే చెబుతున్నారు. ఐదో అధ్యాయాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, ప్రసంగాల్లోనూ ముట్టుకోరు. గోడ పని నడుస్తుండగానే జనం, వాళ్ల భార్యలు మొరపెట్టారు. ధాన్యం కోసం పొలాలూ ద్రాక్షతోటలూ ఇళ్లూ తాకట్టు పెట్టాం, రాజు పన్నుకు అప్పు చేశాం, మా కొడుకులూ కూతుళ్లూ దాసులైపోతున్నారు అని. అప్పిచ్చింది పరాయివాళ్లు కాదు, అదే గోడ పని పిలుపు అందుకున్న ఊరి పెద్దలు. అంటే ఆనుకొని కట్టిన ఇద్దరిలో ఒకడు రెండోవాడి పొలం పత్రం పెట్టెలో దాచుకొని ఉండవచ్చు. అలాంటప్పుడు ‘కలిసి పనిచేద్దాం’ అనడం ఎవరికి లాభం?

తెలుగు మాస్టారు:
ఈ చర్చలో ఇంతవరకు వచ్చినవాటిలో గట్టి ప్రశ్న ఇదే. ఆ అధ్యాయాన్ని వదిలేస్తే మూడో అధ్యాయం వెట్టిచాకిరి పట్టీలాగే కనిపిస్తుంది. నెహెమ్యా ఏం చేశాడో చూడండి. పని ఆగుతుందేమోనని మొరను వాయిదా వేయలేదు. మహాసభ పిలిచి పెద్దలను అందరి ఎదుట నిలదీశాడు. తానూ తన బంధువులూ కూడా ఆ జనానికి సొమ్మూ ధాన్యమూ అప్పుగా ఇచ్చామని అక్కడే చెప్పి, వదిలేద్దాం రండి అన్నాడు. పొలాలు, తోటలు, ఇళ్లు, వాటితో పాటు వడ్డీగా తీసుకున్న నూరవ భాగం తిరిగి ఇమ్మన్నాడు. నోటిమాట నమ్మకుండా యాజకులను పిలిపించి ప్రమాణం చేయించాడు. తరువాత తన ఒడి దులిపి, మాట తప్పినవాణ్ణి దేవుడు ఇలాగే దులిపివేయు గాక అన్నాడు. పన్నెండేళ్లు అధిపతిగా ఉండి ఆ పదవికి రావలసిన భోజనభత్యం తీసుకోలేదు, రోజూ నూట యాభైమందికి తన బల్ల మీద పెట్టాడు.

వాటాలు పంచడం ఒక రోజు పని. అప్పు కాగితాలు విప్పించడం అలాంటిది కాదు. గోడ మాత్రం యాభై రెండు రోజుల్లో, ఏలూలు నెల ఇరవై ఐదున ముగిసింది. వట్టి పని పట్టీతో అంత వేగం వస్తుందని నేను అనుకోను.

ప్రశ్న వేసినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఒక చిన్న అనుమానం మిగిలింది. మూడో అధ్యాయం ఐదో వచనంలో తెకోవీయులు బాగుచేశారు, వాళ్ల అధికారులు మాత్రం ‘తమ ప్రభువు పనిచేయ నొప్పుకొనకపోయిరి’ అని ఉంది. ఆ ప్రభువు దేవుడా, నెహెమ్యానా?

తెలుగు మాస్టారు:
హెబ్రీ మాట రెండింటికీ పొసగుతుంది. ‘తమ ప్రభువు’ అనీ ‘తమ దొరలు’ అనీ చదవవచ్చు. మూలంలో ఉన్నది ‘మెడ పెట్టలేదు’ అని. కాడి కింద ఎద్దు మెడ పెట్టడం. మన భాషలో ‘మెడలు వంచి’ చేయించడం అంటే బలవంతం అయిపోతుంది, కాబట్టి పాత అనువాదకులు ‘ఒప్పుకొనకపోయిరి’ అని దాటేయడం మంచిదే అయింది. గమనించవలసింది ఇంకొకటి. మన గుడుల ముందు శిలాఫలకాల మీద ఇచ్చినవాళ్ల పేర్లే ఉంటాయి, ఈ పట్టీ ఎగ్గొట్టినవాళ్లను కూడా ఒక్క వాక్యంలో రాసి పెట్టింది. పైగా పెద్దలు రాకపోయినా ఆ తెకోవ జనం తమ వాటా ముగించి, 27వ వచనంలో రెండో వాటా కూడా కట్టారు.

సందేహి:
అయితే పట్టీలో ఉన్నవాళ్లంతా నిఖార్సైనవాళ్లనా మాస్టారూ?

తెలుగు మాస్టారు:
అబ్బే. బెరెక్యా కుమారుడు మెషుల్లామును చూడండి. నాలుగో వచనంలో ఒక వాటా, ముప్పయ్యో వచనంలో తన గది ఎదురుగా ఇంకో వాటా. ఆరో అధ్యాయం చివరికి వస్తే, గోడ పనిని చెడగొట్టాలని చూసిన టోబీయా కొడుక్కి ఇచ్చినది ఈయన కూతుర్నే. ఇక మొట్టమొదటి పేరు ఎల్యాషీబు. పదమూడో అధ్యాయంలో అదే టోబీయాకు దేవాలయపు ఆవరణంలో ఒక పెద్ద గది సిద్ధం చేసి ఇచ్చింది ఎల్యాషీబు అనే యాజకుడే. ఆ ఎల్యాషీబూ ఈ ప్రధానయాజకుడూ ఒకరేనా అని పండితులు వాదించుకుంటారు. మెషుల్లాము విషయంలో వాదం లేదు. వియ్యంకుడు అవతలి పక్షంలో ఉన్నా ఇవతల రెండు వాటాల గోడ కట్టాడు, నెహెమ్యా రెండూ రాసి పెట్టాడు.